రేడియో బండ్లను మరిచిపోయారు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా లారీల మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ అంతా జీఎంసీ కంపెనీ రెండున్నర టన్నుల లారీ మోసిన సరుకుల చుట్టూనే తిరిగింది. షెవ్రోలే కె-51 రేడియో వ్యాన్ ఊసే లేదేంటండీ? హాలీక్రాఫ్టర్స్ కంపెనీ తయారుచేసిన ఎస్‌సీఆర్-299 రేడియో సెట్ అందులోనే ఉండేది. ట్రాన్స్‌మిటర్ ఒక్కటే దాదాపు 180 కిలోలు! కరెంటు కోసం జనరేటర్‌ని వెనక ట్రైలర్‌లో లాక్కెళ్లేవారు. బండి నడుస్తుండగానే మాట్లాడొచ్చు. బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల శ్రేణి) మార్చాలంటే మాత్రం ట్రాన్స్‌మిటర్ పైమూత ఎత్తి, లోపలి కాయిల్ (తీగచుట్ట) పీకి ఇంకోటి గుచ్చాలి. గతుకుల రోడ్డు మీద ఆ పని ఊహించుకోండి. 1942లో ఉత్తర ఆఫ్రికాలో ఇవి బాగా పనికొచ్చాయి. తర్వాత అదే సెట్‌ని పెట్టెలాంటి షెల్టర్‌లో బిగించి మీ జీఎంసీ మీదకే ఎక్కించారు. దాని పేరు ఎస్‌సీఆర్-399. కనీసం దాని ఫొటో అయినా వేయాల్సింది.