కోచ్ చేతికి మార్కుల షీటు ఇవ్వకండి

ప్రైమరీ టీచర్లకు తోడుగా ఇన్‌స్ట్రక్షనల్ కోచ్‌లను, అంటే క్లాసులోనే కూర్చుని చూసి పాఠం ఇంకా బాగా ఎలా చెప్పాలో టీచర్‌కి సాయం చేసేవాళ్లను, పెట్టాలా వద్దా అన్న చర్చ ఎప్పుడో ముగిసిపోవాల్సింది. పెట్టాలి. సెలవుల్లో టీచర్లందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, స్లైడ్లు చూపించి, సర్టిఫికెట్ ఇచ్చి పంపించే ట్రైనింగ్‌ల వల్ల క్లాసులో పెద్దగా ఏమీ మారదని ట్రైనింగ్ ఇచ్చేవాళ్లకీ తెలుసు, తీసుకునేవాళ్లకీ తెలుసు. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే విద్యా పరిశోధకులు 1980ల మొదట్లోనే ఈ మాట చెప్పారు. ఎంత బాగా చెప్పినా, ఎంత బాగా చేసి చూపించినా, టీచర్ తిరిగి తన క్లాసుకి వెళ్లాక పక్కన చెప్పేవాళ్లు ఎవరూ లేకపోతే నేర్చుకున్నది చాలావరకు ఆ హాల్లోనే ఉండిపోతుంది.

ఇప్పుడు గట్టిగా మాట్లాడాల్సింది వేరే విషయం. కోచ్‌ని పెడతారు సరే, ఆ కోచ్‌తో ఏం చేయిస్తారు? ముందు ఒక చెక్‌లిస్టు ఇస్తారు, టీచర్‌కి పదికి ఎన్నో మార్కులు వేసి పై ఆఫీసుకు పంపమంటారు, ఆ తర్వాత హాజరు లెక్కలూ పుస్తకాల పంపిణీ లెక్కలూ కూడా ఆ నెత్తి మీదే పెడతారు. అక్కడితో కోచ్ పని అయిపోయినట్టే, స్కూలుకి ఇంకో ఇన్‌స్పెక్టర్ దొరికినట్టే. టీచర్ గురించి ఒక్క లైను కూడా పైకి రాసే అధికారం కోచ్‌కి ఉండకూడదు. నేను అడిగేది ఇదే.

ఎందుకో అర్థం కావాలంటే రెండో తరగతి లెక్కల క్లాసు చూడాలి. టీచర్ బోర్డు మీద తీసివేత చేసి చూపించి, అర్థమైందా అని అడుగుతారు. అయిందీ అని క్లాసంతా ఒకే గొంతుతో అరుస్తుంది. వెనక పిల్లల పక్కన కూర్చున్న కోచ్‌కి మాత్రం వేరేది కనిపిస్తుంది. 52 లోంచి 27 తీసేయమంటే ఒక పాప 35 అని రాసింది. పక్కన కూర్చున్న పిల్లాడిదీ 35. ఎలా చేశావమ్మా అని మెల్లగా అడిగితే, 7 లోంచి 2 పోతే 5, 5 లోంచి 2 పోతే 3 అంటుంది. ఏ అంకె పైన ఉంది, ఏది కింద ఉంది అన్నది ఆ పాపకి లెక్కే కాదు, పెద్ద దాంట్లోంచి చిన్నది తీసేస్తోంది, అంతే. ఇది పరధ్యానం కాదు, తనంతట తాను కట్టుకున్న పద్ధతి, ఇంటూ కొట్టి పక్కన 25 అని రాసిస్తే రేపు కూడా ఇదే చేస్తుంది. పది పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు చేతికిచ్చి, ఏడు తీయడానికి చాలనప్పుడు ఒక కట్ట ఆ పాప చేతే విప్పించాలి. క్లాసు మొత్తాన్నీ ఒకేసారి చూసుకునే టీచర్‌కి నోటుబుక్కులో తప్పు కనిపిస్తుంది, ఆ తప్పు వెనక ఉన్న ఆలోచన దగ్గరికి వెళ్లే టైమే ఉండదు. అందుకే ఆ గదిలో ఇంకో మనిషి ఉండాలి.

ఇంకోటి ఉంది, దాన్ని టీచర్ ఎంత సమర్థులైనా తమంతట తాము పట్టుకోలేరు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో క్లాసుల రికార్డింగులు విని తేల్చిన సంగతి: ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు, అంతలోనే ఇంకొకర్ని లేపుతారు లేదా తామే జవాబు చెప్పేస్తారు. అదే 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ నోరు మెదపని పిల్లలు కూడా మాట్లాడతారు. పాఠం చెబుతూ తన మౌనాన్ని తనే లెక్కపెట్టుకోవడం ఎవరికి సాధ్యం? పక్కన కూర్చున్నవాళ్లు లెక్కపెట్టి, క్లాసయ్యాక చెప్పాలి.

అయితే టీచర్ ఇవన్నీ ఎవరిని చూడనిస్తారు? రిపోర్టు రాసే మనిషి వస్తున్నారంటే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. బాగా చదివే పిల్లలు ముందు వరసలోకి వస్తారు, నిన్న అయిపోయిన పాఠమే మళ్లీ చెబుతారు, ప్రశ్నలన్నీ జవాబు తెలిసిన నలుగురికే వెళ్తాయి. దీంట్లో టీచర్ మోసమేమీ లేదు, ఉద్యోగం కాపాడుకోవాలనుకునే ఏ మనిషైనా అదే చేస్తారు. "ఈ తీసివేతలు నా వల్ల కావడం లేదండీ, ఎలా చెప్పినా పిల్లలకు ఎక్కడం లేదు" అన్న మాట కోచ్‌కి టీచర్ చెప్పుకోగలగాలి. అక్కడినుంచే కోచింగ్ మొదలవుతుంది. మార్కులు వేసే మనిషితో ఆ మాట ఎవరూ అనరు.

దక్షిణాఫ్రికా నార్త్ వెస్ట్ ప్రావిన్స్‌లో 2015లో మొదలైన ఒక ప్రయోగంలో రెండు గుంపుల స్కూళ్లకు ఒకే రకం లెసన్ ప్లాన్లు, ఒకే రకం పుస్తకాలు ఇచ్చారు. ఒక గుంపు టీచర్లను ఒకచోటికి పిలిచి ట్రైనింగ్ ఇచ్చారు, రెండో గుంపులో కోచ్‌లే క్లాసులకు వెళ్లారు. రెండేళ్లకు కోచ్‌లు వెళ్లిన స్కూళ్లలో పిల్లలు చదవడంలో వచ్చిన మెరుగుదల, టీచర్లను ఒకచోటికి పిలిచి ట్రైనింగ్ ఇచ్చిన స్కూళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. అక్కడే ఇంకో ప్రావిన్స్ మ్‌పుమలాంగలో ఫోన్లు, టాబ్లెట్ల మీద కోచింగ్ నడిపి చూస్తే, మూడేళ్ల తర్వాత ఇంగ్లిష్ చదవడంలో మెరుగుదలే లేదు, మనిషి నేరుగా వెళ్లిన చోట మాత్రం కనిపించింది. 60 అధ్యయనాలను కలిపి 2018లో అమెరికా విద్యా పరిశోధకుడు మాథ్యూ క్రాఫ్ట్ బృందం చేసిన విశ్లేషణ కూడా కోచింగ్‌తో బోధన బాగుపడుతుందనే తేల్చింది, కాకపోతే పెద్ద ఎత్తున నడిపిన కార్యక్రమాల్లో ఫలితం బాగా తగ్గిందని కూడా చెప్పింది. నన్నడిగితే, పెద్దది చేసే తొందరలో కోచ్‌ని గుమాస్తాగా మార్చేయడం దీనికి ఒక ముఖ్య కారణం.

జీతం ఇస్తున్నాం, జవాబుదారీ ఉండొద్దా, అసలు ఆ డబ్బుతో ఇంకో ఇద్దరు టీచర్లను వేసుకోవచ్చు కదా అంటారు కొందరు. జవాబుదారీ ఉండాలి, దానికి హెడ్మాస్టర్లున్నారు, తనిఖీ అధికారులున్నారు, వాళ్ల పని వాళ్లని చేయనివ్వండి. టీచర్ల ఖాళీలు నింపాల్సిందే, కానీ కొత్తగా వచ్చే ఆ ఇద్దరూ కూడా తలుపు వేసుకుని ఒంటరిగానే పాఠం చెప్పుకోవాలా?

అసలు జబ్బు ఇంకా లోపల ఉంది. చిన్నపిల్లలకు చెప్పడమేగా, ఎవరైనా చెప్పేస్తారులే అనుకుంటాం మనం. అనుభవమున్న టీచర్లను పై తరగతులకు పంపుతాం, ఒకటో తరగతిని కొత్తగా చేరినవాళ్లకో ఖాళీగా ఉన్నవాళ్లకో అప్పగిస్తాం. అక్షరానికీ శబ్దానికీ ఉన్న ముడి తెలియని ఆరేళ్ల పిల్లాడి చేత మొదటి వాక్యం చదివించడం పదో తరగతిలో బీజగణితం చెప్పడం కన్నా తేలికేం కాదు. చాలాసార్లు అదే కష్టం, ఎందుకంటే వాడికి ఏం తెలియడం లేదో వాడు చెప్పలేడు. దీన్ని పెద్ద నైపుణ్యంగా ఒప్పుకోనంతకాలం కోచ్ అంటే కూడా లెక్క ఉండదు, ఆఫీసుకు దగ్గరగా ఉన్న ఎవరో ఒకరిని ఆ కుర్చీలో కూర్చోబెడతారు.

కోచ్‌గా తీసుకునేది ఒకటి, రెండు తరగతులకు ఏళ్ల తరబడి చెప్పి పేరు తెచ్చుకున్నవాళ్లనే అయ్యుండాలి. వాళ్లు ఆ టీచర్ ఎదురుగా, ఆ పిల్లలకే, ముందు తామే ఒక పాఠం చెప్పి చూపించాలి, అది కుదరకపోతే కుదరలేదని అందరి ముందూ ఒప్పుకోవాలి. రాసుకున్న నోట్సు టీచర్ దగ్గరే ఉండాలి. ఈ చివరి మాట నియామక ఉత్తర్వుల్లోనే రాయాలి, నోటిమాటగా వదిలేస్తే మొదటి రివ్యూ మీటింగులోనే ఆ నోట్సు అడుగుతారు.