ఆవకాయకు అనుమతి పత్రం

విశాఖ తీరంలో ఇసుక కోత గురించి నేను రాసిన వ్యాసాన్ని మా కళాశాల డిజిటల్ భాండాగారంలో చేర్చవలసిన ఆఖరి రోజున, కరెంటు పోయేలోగా పని ముగించాలన్న ఆత్రంతో, ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో కూర్చుని ఫైలు ఎక్కించాను. ఆ తరువాత తెరపై కనిపించిన అనుమతి పత్రాన్ని రైలు టికెట్టు వెనుక నిబంధనలు చదివినంత శ్రద్ధగా, అంటే చదవకుండానే, అంగీకరించాను.

చదివి ఉంటే తెలిసేది. కాపీరైట్ రచయిత దగ్గరే ఉంటుంది; రచనను భద్రపరచి పదిమందికీ అందించే హక్కు మాత్రమే భాండాగారానికి వెళ్తుంది. ఇల్లు అమ్మడం కాదు, ఒక గది వాడుకోనివ్వడం. అయితే ఆ ఇల్లు మనదేనని హామీ కూడా మనమే ఇవ్వాలి. అది కాక, రచనను ఇతరులు ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి ఎంచుకోమంటే మొదటిదే నొక్కాను. దాని ప్రకారం రచయిత పేరు చెప్పి ఎవరైనా పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

వారం తరువాత గ్రంథాలయం నుంచి ఫోను వచ్చింది.

"సార్, ఇసుక కోతలోకి ఆవపిండి ఎందుకొచ్చిందండీ?"

అమెరికాలోని మరదలికి పంపమని అత్తయ్యగారు స్వదస్తూరీతో రాసిచ్చిన బెల్లం ఆవకాయ పాళ్ళను నేను స్కాన్ చేసి, నా వ్యాసం పక్కనే దాచాను. లోకానికి అందింది అదే, రచయితగా నా పేరుతో. మూడో పేజీ అంచున "మా వియ్యపురాలిలా నూనె దగ్గర పీనాసితనం చేయకు" అని ఉంది. ఆ వియ్యపురాలు మా అమ్మ.

లైబ్రేరియన్ గారు ఓపికగా వివరించారు. నాది కానిదానికి నేనిచ్చిన అనుమతి చెల్లదట. 1957 నాటి చట్టం ప్రకారం ఆ రాతపై హక్కు అత్తయ్యగారి జీవితకాలమూ, ఆపైన మరో 60 ఏళ్లూ ఆమెకూ వారసులకూ చెందుతుంది. వారసుల్లో మా ఆవిడ కూడా ఉన్నదని నాకు వెంటనే స్ఫురించింది. ఫైలు తొలగించాలి, లేదా హక్కుదారు నుంచి రాతపూర్వకంగా అనుమతి తేవాలి. జానపద విజ్ఞానం విభాగానికి ఇది పనికొస్తుందని లైబ్రేరియన్ గారి ఆశ.

అత్తయ్యగారు కోప్పడతారనుకున్నాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, ఈసారి ఎంచుకున్న మరో లైసెన్సు షరతులన్నీ చదివించుకున్నారు. పేరు వేయాలి, సరే. అమ్ముకోకూడదు, మరీ మంచిది. మార్పులు చేయరాదన్న షరతు వినగానే ముఖం వెలిగింది.

"అంటే ఇందులో వెల్లుల్లి వేయకూడదన్నమాట!"

కాపీరైట్ రాసిన మాటలకే గాని పచ్చడి పెట్టే పద్ధతికి ఉండదని, ఎవరి జాడీలో వారు వెల్లుల్లి వేసుకోవచ్చని చెప్పాను. ఆమె చట్టాన్ని క్షమించి సంతకం చేశారు. ఇదే అదనుగా, మూడో పేజీలో ఆ ఒక్క వాక్యం చెరిపేద్దామని వినయంగా మనవి చేశాను.

"మార్పులు చేయరాదని ఇప్పుడే కదా బాబూ చదివారు" అన్నారు అత్తయ్యగారు.