12 ఎంఎం ప్లైవుడ్ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ప్లైవుడ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. నేను బాగానే ఉన్నాను, మీరు బాగానే మోగుతున్నారు.

టింబర్ డిపోలో చూసినప్పుడు మీలో ఇంత విద్వత్తు ఉందనుకోలేదు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నోరు మెదపని మనిషిలా గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఇంటికి తెచ్చి, కాళ్లు బిగించి, మీ మీద బొమ్మ రైలు పట్టాలు పరిచాను. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఇంజిను జానెడు. అన్నీ 87 రెట్లు తగ్గాయి, చప్పుడొక్కటే తగ్గలేదు.

మొదటిరోజు రాత్రి పదకొండింటికి స్విచ్ వేశాను. తెల్లారి లిఫ్టులో కింది ఫ్లాటు పెద్దాయన, "ఏం బాబూ, అర్ధరాత్రి పిండి రుబ్బుతున్నారా?" అన్నారు. "రైలండీ" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. అప్పట్నుంచి మా ఆవిడని మాత్రం జాలిగా పలకరిస్తున్నారు.

ఇంజినుని అనడానికి లేదు. చేతిలో పట్టుకుని నడిపితే దోమ పాడినంతే. ఆ సన్నటి వణుకు చక్రాల్లోంచి పట్టాలకి, పట్టాల్లోంచి కింది అడ్డదిమ్మలకి (స్లీపర్లకి), అక్కణ్ణుంచి మీకు దిగుతుంది. మీరేమో ముప్పై రెండు చదరపు అడుగుల ఒళ్లూ కదిపి ఊరంతా చాటుతారు. తీగ వణుకుని పనసచెక్క అందుకుంటే బొబ్బిలి వీణ. మీరు అందుకుంటే పిండిమర.

సరే, మీకూ పట్టాలకీ మధ్య 5 మిల్లీమీటర్ల కార్క్ పరిచాను. ఎంతైందో ఇంట్లో చెప్పలేదు. మీరు రవ్వంత కూడా తగ్గలేదు. వారం రోజులు మిమ్మల్ని తిట్టిపోసి, ఆఖరికి మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా చూస్తే, బెత్తెడుకొకటి చొప్పున మేకులు! కార్క్‌ని దాటి సూటిగా మీ గుండెల్లో దిగి ఉన్నాయి. పరుపేసి, దాని గుండానే టెలిఫోన్ తీగ లాగానన్నమాట. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందంటారు. ఇక్కడ మద్దెలని కొట్టిందీ ఆ రోలే.

మేకులు పీకేశాను. కిటికీ సందుల్లో పెట్టే యాక్రిలిక్ సీలెంట్ పల్చగా రాసి పట్టాలు అంటించాను. అది ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది. రెండు రోజులు ప్రశాంతం. మూడోరోజు బుద్ధి గడ్డి తిని, అందం కోసం కంకర చల్లి, తెల్ల జిగురు నీళ్లలో కలిపి పోశాను. ఆరి రాయైంది. కంకర కార్క్ అంచు దిగి మిమ్మల్ని తాకిన ప్రతిచోటా మీరు మళ్లీ గొంతెత్తారు. తడిపి తడిపి చెంచాతో గీకిన ఆ కంకర ఇంకా నా గోళ్లలోనే ఉంది. మళ్లీ చల్లాను గానీ, ఈసారి కార్క్ అంచు దాటనివ్వలేదు. మీ అడుగున అడుగున్నరకో అడ్డపట్టీ కొట్టించాను, ఒళ్లు విరుచుకునే వీలు లేకుండా. కాళ్లకి రబ్బరు చెప్పులు కూడా తొడిగాను.

ఇప్పుడు మీరు చాలా మర్యాదస్తులు. ఒక్క స్టేషను మలుపులో మాత్రం బండి రాగానే కాస్త గొంతు సవరించుకుంటారు. అక్కడో మేకు మిగిలింది. పీకలేదు. బండి వస్తోందని తెలియాలి కదా, ప్లాట్‌ఫారం మీద అరడజను మంది ప్లాస్టిక్ ప్రయాణికులు ఎప్పట్నుంచో నిలబడి ఉన్నారు.

ఇట్లు,
మీ మీద సుత్తి ఎత్తినవాడు