కారులో లినక్స్ పెడితే బ్రేకులు పోతాయా?

కడప కార్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. "కారులో లినక్స్ కంప్యూటర్ పెట్టించుకోకండి. అది హ్యాంగయితే గువ్వలచెరువు ఘాట్‌లో బ్రేకులు పడవు. ఉత్తినే దొరికే సాఫ్ట్‌వేర్‌ను ఏ కార్ల కంపెనీ వాడదు. హ్యాకర్లు స్టీరింగ్ తిప్పేస్తారు. తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది." చివర మామూలే, పదిమందికీ పంపమని. లినక్స్ అంటే విండోస్ లాగా కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్, ఉత్తినే దొరుకుతుంది. ఇన్ని మాటల్లో సగం నిజమున్నది ఒక్కదాంట్లోనే.

ముందు బ్రేకులు. మనం నడిపే మామూలు కార్లలో పెడల్ తొక్కితే పనిచేసేది బ్రేక్ ఆయిల్ ఒత్తిడి. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌కు దాని కంప్యూటర్ దానికుంది, ఇంజన్‌కు ఈసీయూ అనే కంప్యూటర్ వేరే ఉంది. చిన్న మైక్రోకంట్రోలర్ల మీద మిల్లీసెకన్ల లెక్కన నడిచే ఆ పెట్టెల జోలికి మనం పోము. పెట్టించుకునేది రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డు, అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, ఒక టచ్ స్క్రీను. అది హ్యాంగయితే పాట ఆగుతుంది, మ్యాపు ఆగుతుంది. బండి ఆగదు.

జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. కారు పెట్టెలన్నీ మాట్లాడుకునే క్యాన్ బస్సుకు బోర్డును కలిపి, దాంట్లోకి తోచిన మెసేజీలు పంపితే చిక్కులే. వినడం వరకే అయితే దారి ఉంది. క్యాన్ బస్సుతో పనిచేసే సాకెట్‌క్యాన్ అనే కోడ్ లినక్స్‌లో 2008 నుంచే ఉంది, ఆ కోడ్ ఇచ్చింది ఫోక్స్‌వ్యాగన్ పరిశోధన విభాగం. లిజన్-ఓన్లీ, అంటే వినడం మాత్రమే అని పెడితే బోర్డు కనీసం "అందింది" అని కూడా బదులివ్వదు.

కంపెనీలు వాడవట! కార్ల కోసమే లినక్స్‌ను తయారుచేసే ఆటోమోటివ్ గ్రేడ్ లినక్స్ ప్రాజెక్టు 2012లో మొదలైంది. 2018 మోడల్ టయోటా క్యామ్రీ స్క్రీను వెనక నడిచింది అదే. పక్క జిల్లా పెనుకొండ దగ్గర కార్లు చేస్తున్న కియాకు అన్న వరసయ్యే హ్యుందాయ్ 2019లో అందులో చేరింది. అంతెందుకు, షాపులో బిగించే ఆండ్రాయిడ్ స్టీరియో లోపలిదీ లినక్స్ కెర్నలే, అంటే లినక్స్ గుండెకాయే. మెసేజీ పంపినాయన ఫోన్ ఆండ్రాయిడ్ అయితే అందులోనూ అదే.

హ్యాకింగ్ భయానికి మూలం 2015 నాటి జీప్ చెరొకీ ఉదంతం. ఇద్దరు పరిశోధకులు దూరం నుంచే ఆ బండిని లొంగదీసుకున్నారు, కంపెనీ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసింది. ఆ స్టీరియోలో ఉన్నది క్యూనిక్స్ అనే వేరే సాఫ్ట్‌వేర్, లినక్స్ కానే కాదు. దారి దొరికింది మొబైల్ నెట్‌వర్క్ వైపు తెరిచి ఉంచిన పోర్టు వల్ల.

ఇక బ్యాటరీ. సగం నిజం ఇక్కడుంది. బోర్డు ఖాళీగా ఉన్నా 3 వాట్లదాకా తాగుతుంది, అంటే 12 వోల్టుల మీద పావు ఆంపియర్. రోజుకు 6 ఆంపియర్-అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35 ఉంటుంది. ఒక్క రాత్రికి ఏమీ కాదు గానీ, నాలుగైదు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ అందుకోదు. తప్పు లినక్స్‌ది కాదబ్బా, వైరుది. స్టీరియో వెనక మామూలుగా పసుపు వైరులో ఎప్పుడూ కరెంటుంటుంది, ఎరుపు దాంట్లో తాళం తిప్పితేనే వస్తుంది. పని తొందరలో బోర్డును పసుపుకు కలిపి వదిలేస్తే జరిగేది ఇదే.

ఎరుపుకు కలిపితే ఇంకో తంటా. తాళం తీయగానే కరెంటు పుటుక్కున పోతుంది, రాస్తూ రాస్తూ ఉన్న మెమరీ కార్డు పాడవుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడూ వోల్టేజీ ధబాలున పడి బోర్డు రీస్టార్ట్ అవుతుంది. "లినక్స్ నిలకడగా ఉండదు" అనే పేరు చాలావరకు ఇలా వచ్చిందేనని నా అనుమానం. పసుపు నుంచి కరెంటు, ఎరుపు నుంచి సంకేతం తీసుకుని, తాళం తీశాక నిదానంగా షట్‌డౌన్ చేసే పవర్ బోర్డు పెట్టించుకోవాలి. పసుపు వైరుకు ఫ్యూజు మరవొద్దు. కార్డును కాపాడేందుకు రాస్ప్‌బెర్రీ పై సెట్టింగుల్లోనే ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఉంది, అది ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు.

మెసేజీ అసలు ఎత్తనిది ఎండ. రాస్ప్‌బెర్రీ పై 4కు చుట్టూ ఉండే వేడి 50 డిగ్రీలు దాటకూడదు. కడపలో మే నెల మధ్యాహ్నం అద్దాలెత్తి ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద అది ఏ మూలకూ చాలదు. బోర్డును సీటు కిందికి దించి, స్క్రీను మాత్రం ముందు పెట్టండి. ఏసీ వేసి లోపల చల్లబడ్డాకే ఆన్ చేయండి.

రివర్స్ కెమెరాను మాత్రం దీనికి తగిలించొద్దు. బోర్డు లేచి బొమ్మ చూపేలోగా బండి గోడకు తగిలి ఉంటుంది.