ప్రశ్నకు చోటిచ్చే సదస్సులు కావాలి

డిసెంబర్ 22న జాతీయ గణిత దినోత్సవం, ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం. ఈ రెండు తేదీలను దృష్టిలో పెట్టుకొని మన విశ్వవిద్యాలయాల్లో సదస్సులకు ఏర్పాట్లు మొదలవుతాయి. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. పరిశోధన కోసం హైదరాబాద్ వైపే చూడవలసిన దక్షిణ తెలంగాణకు ఇది చిన్న విషయం కాదు. కాబట్టి ఇక్కడ జరగబోయే సదస్సుల్లో ఎందరు అతిథులు వస్తారన్న దానికన్నా, విన్నవాళ్లు ప్రశ్న అడగడానికి ఎంత సమయం మిగులుతుందన్నదే ముందుగా ఆలోచించవలసిన సంగతి.

కొన్నేళ్ల క్రితం ఒక కళాశాలలో జరిగిన సదస్సుకు వెళ్లాను. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఉపన్యాసాలు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బోరు నీటిలో ఫ్లోరైడ్‌పై పత్రం సమర్పించడానికి ఒక రీసెర్చ్ స్కాలర్ లేచింది. నాలుగో స్లైడు దగ్గరే "అమ్మా, ముగించండి" అన్నారు అధ్యక్షత వహించినవారు. వెనుక వరుసలో నుంచి ఒక జూనియర్ కళాశాల అధ్యాపకుడు లేచి, "ఈ నమూనాలు ఎండాకాలంలో తీసినవా, వానలు పడ్డాక తీసినవా?" అని అడిగారు. జవాబు వినకుండానే అందరూ భోజనాలకు కదిలారు.

ఆ రోజంతటిలో నాకు గుర్తున్నది ఆ ప్రశ్న ఒక్కటే. గ్రానైటు రాతి పగుళ్లలో నీరు ఎక్కువ కాలం నిలిచేకొద్దీ రాయిలోని ఫ్లోరైడ్ అందులో కరుగుతుంది, వాన నీరు ఇంకితే ఆ గాఢత తగ్గవచ్చు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న పరిమితికి అటూఇటూగా ఉన్న బోరు విషయంలో, నమూనా తీసిన నెలను బట్టి తీర్పే మారిపోవచ్చు. ఆ అమ్మాయి పరిశోధనను నిలబెట్టగలిగినా, సరిదిద్దగలిగినా ఆ ప్రశ్నే చేయాలి.

ఫ్లోరైడ్ తొలగింపులో 'నల్లగొండ పద్ధతి' అని మన జిల్లా పేరే శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ విధానంలో నీటికి పటిక, సున్నం కలిపి, తేరనిచ్చి, వడకడతారు. పటిక మోతాదు ఫ్లోరైడ్ మీదనే కాక నీటి క్షారత మీద కూడా ఆధారపడుతుంది. శుద్ధి తర్వాత నీటిలో అల్యూమినియం ఎంత మిగులుతుంది, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలి, ఏ ఊళ్లో ఎన్ని నమూనాలు తీస్తే అంచనా నమ్మదగినదవుతుంది అన్నవి రసాయన, భూగర్భ, గణాంక శాస్త్రాలవారు ఒకే గదిలో కూర్చుంటే తప్ప తేలని ప్రశ్నలు. మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి వృక్షానికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. వృక్షశాస్త్ర విభాగానికి అంతకన్నా దగ్గరి చర్చాంశం ఏముంటుంది?

గణితం సంగతి వేరు. దానికి ప్రయోగశాల అక్కర్లేదు, ఒక బోర్డు, సుద్దముక్క, పట్టుదలగా వచ్చే పదిమంది చాలు. మాస్కోలో గణితవేత్త ఇస్రాయెల్ గెల్ఫాండ్ 1943లో మొదలుపెట్టిన సోమవారం సెమినార్ దశాబ్దాల పాటు సాగింది. బడి పిల్లలు కూడా వచ్చే ఆ సెమినార్‌లో ఆయన వక్తను మధ్యలో ఆపి, అంతవరకు విన్నదేమిటో చెప్పమని శ్రోతల్లో ఒకరిని అడిగేవారు. స్లైడులు పరుగెత్తే చోట నిరూపణ ఎవరికీ ఎక్కదు. ఒక మెట్టు ఎందుకు నిజమో తేలేదాకా బోర్డు ముందు ఆగగలగాలి.

ఇన్నాళ్లూ సర్టిఫికెట్ల ఒత్తిడి ఉండేదన్నది కాదనలేం. పీహెచ్‌డీ సమర్పణకు ముందు రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2016 నిబంధనలు షరతు పెట్టాయి, 2022 నిబంధనల్లో ఆ షరతు లేదు. లెక్క కోసం పత్రం చదవవలసిన అవసరం తీరినప్పుడు, రోజుకు ముప్పై పత్రాలు కుక్కే పద్ధతి కూడా పోవాలి. రోజుకు నాలుగు పత్రాలు చాలు. ఒక్కోదానికి అరగంట ప్రసంగం, అరగంట చర్చ ఉండాలి. పత్రాల సారాంశాన్ని వారం ముందే తెలుగులో అందరికీ అందించాలి. నీటి పరీక్షలు చేసే సిబ్బందిని, జూనియర్ కళాశాలల అధ్యాపకులను శ్రోతలుగా పిలవాలి, వాళ్లు తెలుగులో అడిగితే తెలుగులోనే బదులివ్వాలి. శాలువాలు కప్పాలనుకుంటే సాయంత్రం, చర్చ ముగిశాక కప్పవచ్చు.