ఎర్రదీపం గారికి, 201 నుంచి

మహారాజశ్రీ వాయిస్‌మెయిల్ గారికి, బెజవాడలో ఆడిటర్ గారి ఆఫీసు రిసెప్షన్ టేబుల్ దగ్గర్నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమరి క్షేమం రోజూ తెలుస్తూనే ఉంది. మేం ఎత్తని ఫోన్ల మాటలు తమరి దగ్గర దాచి ఉన్నాయనడానికి గుర్తుగా, సంక్రాంతి నుంచి ఫోను నెత్తిన ఎర్రదీపం ఆరకుండా మిణుకుమంటోంది. మొదట్లో సార్ "ఆ లైటేంటమ్మా" అని అడిగేవారు. దాని మీద పసుపు చీటీ అంటించాను. చీటీలోంచి కూడా కనపడుతుంటే వినాయకుడి బొమ్మ జరిపి అడ్డం పెట్టాను. ఇప్పుడది దేవుడికి పెట్టిన సీరియల్ బల్బు అనుకుంటున్నారు. మొన్న ఒక క్లయింటు చెప్పులు విడిచి మరీ దణ్ణం పెట్టుకున్నాడు.

స్టార్ తొంభై ఏడు నొక్కితే తలుపు తీస్తారని తమర్ని బిగించిన కుర్రాడు చెప్పి వెళ్ళాడు. నొక్కాను. లోపల్నుంచి ఒకావిడ "పాస్‌వర్డ్" అంది. అండీ లేదు, గిండీ లేదు. 1234 కొట్టాను. "లాగిన్ ఇన్‌కరెక్ట్." 0000 కొట్టాను. మళ్ళీ అదే. ఎక్స్‌టెన్షన్ నంబరే అయ్యుంటుందని 201 కొడితే, "గుడ్‌బై" చెప్పి పెట్టేసింది. నా ముందు ఈ కుర్చీలో కూర్చున్న అమ్మాయి పెళ్ళయి ఖమ్మం వెళ్ళిపోయింది. దానికి ఫోన్ చేసి అడిగితే, "అక్కా, ఆ లైటుకి పాస్‌వర్డ్ కూడా ఉందా?" అంది.

స్టార్ తొంభై ఎనిమిది ఇంకో గుమ్మం. అక్కడ అదే గొంతు "కమెడియన్ మెయిల్" అంది. తప్పు విన్నాననుకుని మళ్ళీ చేశాను. తప్పేం కాదు. తమరి లోపల నడిచేది ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేరట, 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టాడట. అందులో వాయిస్‌మెయిల్‌కి పెట్టుకున్న పేరే అది. గుమ్మంలోనే అసలు పేరు చెప్పేశారు, సంతోషం.

మూడు వారాలు బతిమాలితే కుర్రాడొచ్చి, తమరు జరిగిందంతా రాసుకునే చిట్టా, అదే లాగ్, తెరిచాడు. నేను కొట్టిన అంకెల జాడే లేదు అందులో. పాస్‌వర్డ్ తప్పో ఒప్పో తర్వాతి సంగతి, అసలు నా నొక్కుడే తమరి చెవిన పడలేదు. ఇన్నాళ్ళూ చెవిటివాడి ముందు శంఖం ఊదానన్నమాట.

కారణం విన్నాక తమరి మీద కొంచెం జాలి కూడా కలిగింది. ఒక్కో బటన్‌కి రెండు స్వరాలు కలిసి మోగుతాయట. 5 నొక్కితే 770 హెర్ట్జ్ ఒకటి, 1336 ఇంకొకటి. ఆఫీసులో ఈపీఏబీఎక్స్ అనే పాత ఎక్స్ఛేంజి పెట్టె ఉన్న రోజుల్లో ఆ కూత రాగి తీగ మీద ఉన్నదున్నట్టు వెళ్ళేది. ఇప్పుడు మాటని జి.729 అని ఏదో పెట్టి, ఊరెళ్ళేటప్పుడు సంచీలో బట్టలు కుక్కినట్టు కుక్కి పంపుతున్నారు. మనిషి గొంతు ఎలాగో తట్టుకుంటుంది గానీ ఈ జంట స్వరాలు నలిగిపోతాయి. అందుకే అంకెల్ని మాటతో కలపకుండా విడిగా పంపాలి. ఆ సెట్టింగ్ పేరు ఆర్‌ఎఫ్‌సీ 2833. మా ఫోన్లో "ఇన్‌బ్యాండ్" అని ఉంది, అంటే మాటతో కలిపే పంపడం. మార్చాలంటే ఫోను సెట్టింగుల పేజీకి ఇంకో పాస్‌వర్డ్. అది మాత్రం గోడమీది క్యాలెండర్లో, ఏకాదశి గడి పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది.

మార్చాడు. తమరి పాస్‌వర్డ్ కూడా చెరిపి కొత్తది పెట్టాడు. అర నిమిషం పని.

లోపల 63 మెసేజ్‌లు. కాఫీ తెచ్చుకుని కూర్చున్నాను. "హలో... హలో... ఎవరో ఇంగ్లీషులో వాగుతోందిరా." టక్. ఫ్యాను చప్పుడు. టక్. వెనకాల "గన్నవరం, గన్నవరం" అని కేక, ఇవతల ఒక నిట్టూర్పు. టక్. అరవై మూడింట్లో ఓ యాభై ఇదే వరస.

వాళ్ళననకండి. 2003 మే దాకా సెల్లుకి వచ్చిన కాల్‌కి కూడా డబ్బులు కట్టిన జనం మేం. తమరు ఎత్తితే కాల్ కలిసినట్టే, మీటర్ తిరిగినట్టే. ఇప్పుడు అన్‌లిమిటెడ్ వచ్చినా వేలు మాత్రం ఆ రోజుల్లోనే ఉంది. అదీగాక, అవతల ఊఁ కొట్టే మనిషి లేకపోతే మాకు మాట పెగలదు. 1983లో అమెరికాలో గోర్డన్ మాథ్యూస్ తమరి మీద పేటెంట్ పుచ్చుకున్నప్పుడు, బీప్ వినపడగానే పేరూ ఊరూ పనీ వరసగా అప్పజెప్పే జనాన్ని మనసులో పెట్టుకుని ఉంటాడు. ఆయనెప్పుడూ బెజవాడ రాలేదేమో.

నలభై ఒకటో మెసేజ్ దగ్గర కాఫీ పక్కన పెట్టాను. పెద్దాయన. తమరి ఆవిడ ఇంగ్లీషులో చెప్పేదంతా చెప్పనిచ్చి, బీప్ అయ్యాక మెల్లగా అందుకున్నాడు. "అమ్మా, నూజివీడు మామిడికాయల కొట్టు నుంచి. ఏదో నోటీసొచ్చింది, పదిహేను రోజుల్లో జవాబివ్వాలంట. సార్ రాగానే కాస్త నువ్వే చెప్పు తల్లీ. మర్చిపోకు." తర్వాత కాసేపు ఆగాడు. ఆవిడ "సరేనండీ" అంటుందని చూశాడు కాబోలు. "ఉంటానమ్మా" అని పెట్టేశాడు.

తారీకు ఆవిడే చదివింది, ఫిబ్రవరి 3. ఇవాళ మార్చి 21. ఆవిడ సార్‌కి చెప్పలేదు.

ఇట్లు,
201