కుమాసీకి బ్రిటన్ చేసింది దానం కాదు

మా కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఈ నెల నాలుగోసారి అదే ఫార్వర్డ్. "ఘనా వెళ్తే కుమాసీలోని మన్హియా ప్యాలెస్ మ్యూజియం మాత్రం చూడకండి, డబ్బు దండగ" అని మొదలుపెట్టి ఆరు పాయింట్లు. పంపినవాళ్లలో ఒక్కరూ కుమాసీ మొహం చూడలేదు. అక్రాలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను రెండుసార్లు వెళ్లాను. ఇక ఊరుకోలేను.

"అరగంటలో అయిపోతుంది." అవును, చిన్న మేడ. "లోపల ఫోటోలు తీయనివ్వరు." మానేయండి, కళ్లతో చూడండి.

"ఆ మేడ కూడా బ్రిటిష్‌వాళ్లు కట్టించిందే." నిజమే, 1925లో. ఎందుకు కట్టారో కూడా రాయాలి కదా? కుమాసీ రాజధానిగా ఏలిన అసాంతే జాతి రాజు ఒకటో ప్రెంపేను 1896లో పట్టుకుపోయారు. చివరికి సీషెల్స్ దీవుల్లో ఉంచి, 1924లో గానీ వదల్లేదు. అంతకుముందు 1874లో పాత రాతి భవనాన్ని మందుగుండు పెట్టి పేల్చేసిందీ వాళ్లే. తిరిగొచ్చిన ప్రెంపే ఉండటానికని కట్టిన ఈ కొత్త మేడ ఖర్చు అసాంతే జనం పూర్తిగా కట్టేదాకా ప్రెంపే అందులో కాపురం పెట్టలేదు.

"కెంటే అనేది డచ్‌వాళ్ల గుడ్డ." డచ్ కంపెనీలు అమ్మేది మైనం అద్దకం, అచ్చుగుడ్డ. కెంటే అసాంతేలు మగ్గం మీద నేసే గుడ్డ. కుమాసీ దగ్గరి బొన్వైర్ ఊళ్లో నాలుగంగుళాల వెడల్పు పట్టీ నేస్తారు, అలాంటి పట్టీలు పక్కపక్కన పెట్టి కుట్టి ఒళ్లంతా కప్పే వస్త్రం చేస్తారు. ఒకప్పుడు పట్టు దారం కోసం విదేశీ గుడ్డల పోగులు విప్పి వాడారు. దారం బయటిదైతే నేత బయటిదవుతుందా?

"బంగారం పని తెల్లవాళ్లే నేర్పారు." ఇది రాసినవాడు అసాంతే తూనికరాయిని ఒక్కసారి చేతిలోకి తీసుకుని ఉంటే బాగుండేది. అక్కడ బంగారు పొడే డబ్బు. దాన్ని తూచడానికి ఇత్తడి రాళ్లు. మెడ వెనక్కి తిప్పి చూసే పక్షి రూపంలో ఉన్న రాయి ఒకటి నా వేలి కణుపంత ఉంది, రెక్కల మీద గీతలు లెక్కపెట్టొచ్చు. మైనంతో బొమ్మ చేసి, మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. మన ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు పోసేదీ ఈ పద్ధతిలోనే. వాళ్లకు ఎవరు నేర్పారంటారు?

ఇక నా ఒళ్లు మండించిన ఆఖరి పాయింటు: "బ్రిటన్ ఉదారంగా బంగారు నగలు దానం చేస్తే అవే చూపించుకుంటున్నారు. అక్కడే ఉండి ఉంటే వీళ్లు ఎప్పుడో కరిగించి అమ్ముకునేవారు."

దానమా? 1874 ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం కుమాసీలో దిగి రాజభవనం దోచి, ఊరు తగలబెట్టింది. పైగా యుద్ధ ఖర్చులకని 50,000 ఔన్సుల బంగారం జరిమానా వేసింది. దోచిన నగలు లండన్‌లో గ్యారార్డ్ నగల కొట్టుకు చేరాయి, అందులో 13 వస్తువులు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అదే ఏడాది కొనుక్కుంది. 150 ఏళ్ల తర్వాత, 2024లో ఆ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం కలిసి 32 వస్తువులు పంపాయి. మూడేళ్ల అరువుకి! సొంతంగా ఇచ్చేయడానికి తమ చట్టం ఒప్పుకోదన్నారు. నిజంగా తిరిగిచ్చింది అదే ఏడాది అమెరికాలోని ఫౌలర్ మ్యూజియం. ఏనుగు తోక వింజామర, బంగారు హారంతో సహా ఏడు వస్తువులు, ఏ షరతూ లేకుండా.

రెండోసారి నేను వెళ్లింది ఆ నగలు వచ్చాకే. రాజు ఆత్మను శుద్ధి చేసే సేవకుడు ఛాతీ మీద వేసుకునే గుండ్రటి బంగారు బిళ్ల, అరచేతిలో ఇమిడేంత. నా పక్కన ఒక పెద్దావిడ అద్దానికి ఆనుకుని ఎంతసేపు నిలబడిందో! ఆమె పూర్వీకుల సొమ్ము అది, గడువు తీరాక మళ్లీ విమానం ఎక్కాలి. కోహినూర్ మన కొల్లూరుదని ప్రతి ఆగస్టులో ఇదే గ్రూపులో గుండెలు బాదుకునే మీరు దీన్ని దానం అని ఎలా పంపగలిగారు?

ఒక్కటి ఒప్పుకుంటాను. సొంతవాళ్లూ దొంగిలించారు. జాతి ఆత్మ ఉందని నమ్మే బంగారు పీట, సికా ద్వా కోఫీ, మీద రాజు కూడా కూర్చోడు. 1900లో బ్రిటిష్ గవర్నర్ హాడ్జ్‌సన్ దాని మీద కూర్చుంటానన్నందుకే ఎజిసు రాజమాత యా అసాంతేవా యుద్ధానికి దిగింది. అప్పుడు దాచిన ఆ పీట 1920 ప్రాంతంలో రోడ్డు పనివాళ్ల కంటపడితే, కొందరు అసాంతేలే దాని బంగారు అలంకారాలు ఊడదీశారు. వాళ్లకు అసాంతే పెద్దలు వేసిన శిక్ష మరణం. దాన్ని దేశబహిష్కారానికి తగ్గించింది బ్రిటిష్ ప్రభుత్వం.

పీట మీద చెయ్యి వేసిన సొంతవాళ్లనే అలా చూసిన జనం, దోచుకున్నవాళ్ల దగ్గర తమ సొమ్ము కోసం అరువు కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. ఫార్వర్డ్‌లో 'దానం' అన్నచోట 'అరువు' అని దిద్ది పంపండి, అప్పుడు చదువుతాను.